గ్లాసు మీద అరచెయ్యి

గ్లాసుల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మరక కనిపించినచోట మళ్లీ తుడుస్తున్నాడు త్రిఫాన్. పొడుగాటి మనిషి. వైన్ సీసాల పెట్టెలు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది. నల్లబడ్డ గోళ్లు పెద్దల కంట పడకూడదని ఈరోజు తెల్లటి చేతితొడుగులు ఇచ్చారు. పెళ్లికి ముందునుంచీ అతను వైన్ తయారుచేసే ఈ పాత కోటలోనే పనిచేస్తున్నా, ఇంత హడావిడి ఎన్నడూ చూడలేదు. యూరప్ నాయకులంతా సదస్సుకు వచ్చారు. మా మోల్దోవాను తమ కూటమిలో చేర్చుకోమని మా అధ్యక్షుడు వాళ్లను అడగాలి. అడగడమంటే బతిమాలడమే, కాకపోతే మంచి సూటు వేసుకుని.

త్రిఫాన్ మనసు మాత్రం గుట్ట అవతల ఇంట్లో ఉంది. భార్య అగాఫియా చలికాలం నుంచి మంచం దిగలేదు. పక్కింటి దోమ్నికాను కాపలా కూర్చోబెట్టి వచ్చాడు. మా వైపు ప్రాణం పోయేటప్పుడు మనిషి చేతిలో వెలిగే కొవ్వొత్తి ఉండాలి. లేకపోతే అవతలి లోకంలో చీకట్లో తడుముకుంటూ తిరుగుతారంటారు. పగవాడికి కూడా ఆ చావు కోరుకోం.

"నా చేతిలో నువ్వే పెట్టాలయ్యా. దోమ్నికా చెయ్యి వణుకుద్ది, దుప్పటికి అంటించినా అంటిస్తది" అని అగాఫియా నవ్వుతూనే మాట తీసుకుంది.

కోట వంటింట్లో ఫోను మోగింది. సెల్‌ఫోన్లన్నీ పొద్దున్నే గేటు దగ్గర తీసేసుకున్నారు.

"అన్నా, వదినకి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కొవ్వొత్తి వెలిగించనా?" అంది దోమ్నికా.

వెలిగించమనడమంటే అగాఫియాను వెళ్లిపొమ్మనడమే, అనుకున్నాడు త్రిఫాన్.

"వద్దమ్మా. ముందే వెలిగిస్తే చావుని పిలిచినట్టే. నేనొస్తున్నా. నేనొచ్చేదాకా వెలిగించకు."

మేనేజరు వలేరియు దగ్గరికి పరుగెత్తాడు. వయసులో చిన్నవాడు, మనసు మంచిదే.

"నేను పొమ్మంటా బాబాయ్, కానీ ఎటు పోతావ్? వాళ్ల కార్లు వెళ్లేదాకా రోడ్డు మీదికి కుక్కని కూడా రానివ్వరు."

"గుట్ట మీద నుంచి పోతా."

"గుట్ట నిండా తుపాకులే. పిన్నికి తోడు నువ్వు కూడా పోతావా ఏంటి?" అని వెంటనే నాలుక కరుచుకున్నాడు వలేరియు. "భోజనాలు కాగానే లేస్తారంట. కాస్త ఓర్చుకో."

భోజనాల బల్ల దగ్గర అధ్యక్షుడు ఒక్కొక్క నాయకుడి పక్కన వంగి మాట్లాడుతున్నాడు. నడివయసుకే వీపు వంగింది, కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి. అందరూ తలలూపారు. ఎప్పుడని అడిగితే మాత్రం, వీలైనంత త్వరగా అన్నారు. ఒక పొరుగు దేశపు ప్రధాని ఆ మాట కూడా అనలేదు. సన్నటి మొహం, బిగిసిన పెదాలు. గ్లాసు మీద అరచెయ్యి మూసిపెట్టి కూర్చున్నాడు. ఆయన ఒప్పుకోకపోతే మిగతావాళ్లందరూ ఒప్పుకున్నా లాభం లేదు.

ప్రధాని గడియారం చూసుకుని కుర్చీ వెనక్కి జరిపాడు. త్రిఫాన్‌కు ప్రాణం లేచొచ్చింది. లే నాయనా, లే, అనుకున్నాడు లోలోపల. దేశానికి చెడు కోరుకుంటున్నానని తెలిసే కోరుకున్నాడు.

"మా వైన్ రుచి చూడకుండా మిమ్మల్ని పంపితే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు" అన్నాడు అధ్యక్షుడు, ఆయన పక్కకు కుర్చీ లాక్కుంటూ.

ప్రధాని నవ్వాడు. అరచెయ్యి తీశాడు.

వెనకే సీసా పట్టుకుని నిలబడ్డ త్రిఫాన్ వైపు, పొయ్యమన్నట్టు చూశాడు అధ్యక్షుడు. ఒక్క చుక్క ఒలికించి ఉంటే, మరక అయితే, ఆ మనిషి లేచిపోయేవాడేమో. అలవాటుపడ్డ చెయ్యి అతని మాట వినలేదు. వైన్ గ్లాసులోకి చక్కగా దిగింది.

ఇక మాటలు సాగాయి. తలుపు దగ్గర వలేరియు ఆనందం పట్టలేక పిడికిలి బిగించాడు. లోపల వంటింటి ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఇద్దరు నాయకుల మధ్య సీసా పట్టుకుని నిలబడ్డవాడు కదలకూడదు. త్రిఫాన్ కదల్లేదు. అధ్యక్షుడు అడుగుతూనే ఉన్నాడు, ప్రధాని తాగుతూనే ఉన్నాడు. చివరికి తేలింది, వచ్చే సదస్సులో మళ్లీ మాట్లాడుకుందామని. అధ్యక్షుడు లేచి నిలబడి ప్రధాని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. పాపం, ఇంకేం చెయ్యగలడు.

కార్లు వెళ్లేసరికి పొద్దు వాలింది. త్రిఫాన్ చేతితొడుగులతోనే గుట్ట ఎక్కి దిగాడు.

మా వైపు చావింట్లో చేసినట్టే, అద్దం మీద దోమ్నికా అప్పటికే గుడ్డ కప్పింది. అతన్ని చూసి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

"ఫోను చేశా అన్నా. ఎవరూ ఎత్తలేదు. నువ్వొద్దన్నావని..." అంది.

"నేనే వద్దన్నా" అన్నాడు త్రిఫాన్.

అగాఫియా పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే చల్లబడింది. అతనికి ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. మంచం పక్క స్టూలు మీద అగ్గిపెట్టె తెరిచి ఉంది. దాని మీద అడ్డంగా, బయటికి తీసిన ఒక్క పుల్ల, గీయకుండా.