నెత్తిన చెయ్యి పెట్టి రాసిన పరీక్ష

ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపండి, పల్లీలు తర్వాత తినొచ్చు. నోరు లేనిదాన్ని నేను మాట్లాడుతుంటే నోరున్నవాళ్ళు కాసేపు ఊరుకోలేరా?

నేను ఒక పరీక్ష అట్టని. పాత పెళ్ళి శుభలేఖలు నానబెట్టి, రుబ్బి, ఒత్తి నన్ను చేశారు. తక్కువలో తక్కువ నాలుగు వందల పెళ్ళిళ్ళు నా ఒంట్లో ఉన్నాయి. అందుకే ఎంత గోల జరిగినా నేను చలించను. నా క్లిప్పు లారీ కమాను ఉక్కు. ఓసారి ఒక దొంగ వేలు పట్టుకుంటే, పోలీసులు వచ్చి సంతకం పెట్టేదాకా వదల్లేదు. నమ్మనివాళ్ళు వేలు పెట్టి చూడొచ్చు.

కాకినాడలో నా మొదటి యజమాని సర్కారు ఉద్యోగం కోసం పదకొండుసార్లు పరీక్ష రాశాడు. పన్నెండోసారికి వచ్చింది. చదివింది అతనైనా పేరు నాకొచ్చింది. ఆ పన్నెండోసారి గురించే వీధంతా చెప్పుకున్నారు. అంతకు ముందు పదకొండుసార్లూ కూడా అతని ఒళ్ళో ఉన్నది నేనేనని ఎవరికీ గుర్తులేదు. పక్కింటి సత్యవేణిగారు నన్ను అడిగి తీసుకెళ్ళి, కుంకుమ బొట్టు పెట్టి, కూతురు మౌక్తిక చేతిలో పెట్టారు.

మౌక్తికకి పదేళ్ళు. ఫిడేలు వాయిస్తే వీధికుక్కలు కూడా కూర్చుని వింటాయి. సంగీతం థియరీ పరీక్ష మాత్రం రెండుసార్లు పోయింది.

“ఈసారి కూడా పోయిందంటే ఫిడేలు మీ అత్త కూతురికి ఇచ్చేస్తాను. నిన్ను అబాకస్‌లో వేసేస్తాను,” అన్నారు సత్యవేణిగారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్ల ఫిడేలు పక్కన పెట్టుకునే పడుకుంటోంది.

పరీక్ష రోజున స్కూటర్ మీద ముగ్గురూ ఎక్కారు. మధ్యలో నేను.

“మేళకర్త రాగాలెన్నే?” అని అడిగారావిడ.

“డెబ్భై రెండు,” అన్నాడు బండి నడుపుతున్న తండ్రి. మోటార్లు బాగుచేసుకునే మనిషి, మూడేళ్ళు క్లాసు గుమ్మం బయట కూర్చుని అంతా నేర్చేసుకున్నాడు.

“మిమ్మల్ని కాదండీ!”

“పిల్లని కంగారు పెట్టకే. నాకు చెమట్లు పడుతున్నాయి.”

హాల్లో మాది కిటికీ పక్క బెంచీ. పిల్లలు ముప్పై మంది, వసారాలో తల్లిదండ్రులు అరవై మంది. మొదటి ప్రశ్నే, ఒక పాటని ఆది తాళం ప్రకారం విడదీసి స్వరాలు రాయమని. అది చేత్తో తాళం లెక్కపెట్టకుండా ఎవరి వల్లా కాదు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, ఇంకో దెబ్బ, తిప్పు. ముప్పై ఎడమచేతులు ముప్పై అట్టల మీద మొదలెట్టాయి. నా వీపుకి హాయిగా ఉంది.

కాపలాకి వచ్చిన లెక్కల మాస్టారికి మాత్రం హాయిగా లేదు.

“ఏవిట్రా ఆ టక్‌టక్‌లు? సైగలతో జవాబులు చెప్పుకుంటున్నారా? ఎడం చేతులు నెత్తిమీద పెట్టండి అందరూ!”

పెట్టారు. పెన్నులు ఆగిపోయాయి. మౌక్తిక కంట్లోంచి ఒక చుక్క నా మీద పడింది. తర్వాత ఏమనుకుందో, నెత్తిమీది చేత్తోనే నెమ్మదిగా మొదలెట్టింది. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, తిప్పు. రిబ్బను ఊగింది. పెన్ను కదిలింది. పక్కపిల్ల అది చూసింది. కాసేపట్లో హాలంతా నెత్తిమీద ఆది తాళమే. జుట్టు మెత్తన కాబట్టి చప్పుడు లేదు. మాస్టారు తృప్తిగా ఫ్యాను కింద కూర్చున్నారు.

అప్పుడే ఒక తల్లి కిటికీలోంచి తొంగిచూసింది.

“అయ్యో, పేపరు చూసి పిల్లలు నెత్తి బాదుకుంటున్నారండీ!”

అంతే. సిలబస్‌లో లేనిది ఇచ్చారని ఒకాయన సంగీతం టీచరుకి ఫోన్ చేసి తిట్టాడు. ఇంకొకాయన బీపీ మాత్ర వేసుకున్నాడు, భార్య బ్యాగులోది. సత్యవేణిగారు జనాన్ని తోసుకుని వచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నారు.

“మౌక్తికా! రాకపోతే వదిలెయ్యమ్మా! ఫిడేలు నీదే, ఎవరికీ ఇవ్వను, నీ మీదొట్టు! తల కొట్టుకోకే తల్లీ!”

మౌక్తిక తల తిప్పి చూసింది. ముఖం వెలిగిపోయింది. కానీ చెయ్యి ఆపితే లెక్క తప్పుతుంది కదా, ఆపలేదు. అమ్మని చూస్తూ, నవ్వుతూ, తల కొట్టుకుంది. సత్యవేణిగారు అక్కడే కూలబడ్డారు.

పిల్ల పాసైంది. ఆ సంగతి రెండు నెలల తర్వాత తెలిసింది, అప్పటికి ఆ ఇంట్లో ఫిడేలుకి వచ్చిన భయమేమీ లేదు. నేనిప్పుడు వాళ్ళ వంటింట్లో మిక్సీ కింద ఉన్నాను.

ఆ రోజు ఆఖరి మాట మాత్రం గేటు దగ్గర కొబ్బరిబొండాలు అమ్మే అతనిది. వసారాలో గోల విని కత్తి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, కిటికీలోంచి చూశాడు. ముప్పై చేతులూ ఒక్కసారే లేచి ఒక్కసారే నెత్తిన పడుతున్నాయి. చాలాసేపు చూసి, బాధగా తలాడించి అన్నాడు:

“ఆయ్, తల బాదుకోడం కూడా పక్కోళ్ళది చూసి కాపీ కొట్టేత్తన్నారండి!”