దగ్గే ఊద

శ్రీరంగప్ప తెల్లారి లేస్తానే రెండు పనులు చేస్తాడు. ఒకటి, దగ్గడం. రెండోది, బుక్కరాయసముద్రం చెరువు కింద తనకున్న ఎకరన్నర వరిమడి గట్టు మీదికి పోయి, మడి దగ్గుతాంటే వినడం.

ఆ మడిలో ఊద గడ్డి దగ్గడం మొదలుపెట్టి మూడేండ్లయింది. కలుపుమందు కొట్టినాక చావకుండా మిగిలిన ప్రతి దుబ్బూ అచ్చం ఆయన దగ్గే దగ్గుతాది. మొదట గొంతులో గరగర, తర్వాత రెండు పొడి దగ్గులు, ఆఖర్న కుక్క తుమ్మినట్ల ఒకటి. ఇదేం వింత అని ఊర్లో ఎవరూ అడగలేదు. గట్టు మీద పోయేవాళ్లు "ఏమప్పా, నీ గడ్డికెట్లుండాది?" అని మాత్రం పలకరిస్తారు.

"నాకంటే బాగుండాది" అంటాడు శ్రీరంగప్ప. అందులో అబద్ధమేమీ లేదు.

మండలంలో తనంత తెలివైనోడు లేడని ఆయన ఒకప్పుడు గట్టిగా నమ్మినాడు. ఆ నమ్మకం మీదే ఆరేండ్ల కిందట మొదటి కలుపుమందు డబ్బా కొనుక్కొచ్చి, కలుపు తీసేదానికి వచ్చిన తిమ్మక్కనూ ఆమె వెంటున్న ఎనిమిదిమంది ఆడోళ్లనూ గట్టు మీద నిలబెట్టి చూపించినాడు.

"ఇంగ మీరు ఇంట్లో కాళ్లు చాపుకోని కూర్చోండి. మీ తొమ్మిదిమంది పని ఇది ఒక్క పూటలో చేస్తాది."

తిమ్మక్క డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి వేళ్లు లేవు గదప్పా" అన్నది. ఆ మాటకు ఆయన నవ్విన నవ్వు చెరువు అవతలికి ఇనపడింది.

మొదటేడు గడ్డి మాడిపోయింది. రెండో ఏడు సగం మాడింది. మూడో ఏడు పసుపుపచ్చగా వాలి, మళ్లీ లేచింది. నాలుగో ఏడు దగ్గింది. మందు మార్చమని ఎవరన్నా అంటే, "అలవాటైన మందు" అనేవాడు. గడ్డికీ అలవాటైందని ఆయనకు తట్టలేదు. మూతికి గుడ్డ కట్టుకోమని పెండ్లాం అంజనమ్మ చెప్తే, "నేనేమన్నా దొంగనా?" అని అడిగినాడు.

ఈ ఏడు కూడా నాట్లేసిన ఇరవయ్యో రోజున అదే మందు కొట్టినాడు. వారం తిరిగేసరికి ఊద మడంతా నిండింది. పొద్దున గట్టు మీద నిలబడితే, తూర్పు మూల ఒకటి దగ్గింది. నడిమధ్య ఇంకోటి అందుకుంది. తర్వాత అన్నీ. ఆయన్ని అడగకుండానే ఆయన ఛాతీ కూడా వాటితో కలిసింది. మొదట దగ్గింది తనో గడ్డో శ్రీరంగప్పకు తెలియలేదు.

అనంతపురం డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసినాడు. "ఇంకొక్కసారి ఆ మందు కొట్టే పంపు వీపుకెత్తుకుంటే, నువ్వు నా దగ్గరికి రావాల్సిన పనే ఉండదు" అన్నాడు. శ్రీరంగప్ప అది మంచిమాటే అనుకోని సంతోషంగా ఇంటికొచ్చినాడు. చెప్తే అంజనమ్మ ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

అట్లని ఊదను వదిలేసేదానికీ లేదు. ఇంకో పదైదు రోజుల్లో అది కంకేస్తాది, గింజ రాలుస్తాది. రాలిందంటే వచ్చే ఏడు ఆ మడిలో వరి ఉండదు, దగ్గే ఉంటాది.

"రెండింతలు కలిపి కొట్టు, శ్రీరంగన్నా" అన్నాడు మందులంగడి హరినాథ్. శ్రీరంగప్ప డబ్బా తెచ్చి, పంపు నింపి, మూత బిగించినాడు. అంజనమ్మ వచ్చి ఆ మూత మీద కూర్చుంది.

"లెయ్యి."

"లెయ్యను."

"మరి కలుపు ఎవరు తీస్తారు? మీ నాయన వస్తాడా?"

"పోయి తిమ్మక్క కాళ్లు పట్టుకో."

తిమ్మక్క కండ్లకు పొరలొచ్చి రెండేండ్లయింది. వాకిట్లో కూర్చోని, తడుముకుంటా శెనక్కాయలు వలుస్తాంది. వీధి మలుపులో దగ్గు ఇనపడంగానే తలెత్తింది.

"ఎవరది? నువ్వా, నీ గడ్డా?"

"నేనే తిమ్మక్కా."

"డబ్బా రాలేదా?"

శ్రీరంగప్ప అరుగు కింద చతికిలబడినాడు. "డబ్బాకు వేళ్లు లేవు తిమ్మక్కా."

ఆమె ఇంకో నాలుగు కాయలు వలిచింది. "నాకిప్పుడు కండ్లు లేవు గదప్పా. ఏది వరో ఏది ఊదో చూసేదెట్ల?" అన్నది. మళ్లీ తనే, "కానీలే. నీ గడ్డి పలుకుతాది గదా" అని చేట పక్కన పెట్టింది.

తొమ్మిదిమందిలో నలుగురు టమాటా మండీ పనికి మరిగినారు. మిగిలిన అయిదుగురు దిగినారు, ముందర తిమ్మక్క. ఆమె తల వాల్చి వింటుంది. దగ్గు వచ్చిన చోటికి పోయి, ఆకు మొదట్లో బొటనవేలితో రుద్దుతుంది. వరికి ఆడ సన్నటి నూగుంటాది. ఊదకు నున్నగా ఉంటాది. "బోడిది" అని వేర్లతో లాగుతుంది. ఆమె లాగినప్పుడల్లా గట్టు మీద శ్రీరంగప్పకు పక్కటెముక కింద ఏదో పట్టుకోని, వదిలేది.

మూడు రోజులు తీసినారు. పీకి గట్టు మీదేసిన కుప్పలు ఎండుతా కూడా, జ్వరమొచ్చిన పిల్లోళ్లు పడుకున్న గదిలో మాదిరి సన్నగా దగ్గుతానే ఉన్నాయి. అందరికంటే చిన్నది సునంద, చెవులకు కొంగు చుట్టుకోని పని చేసింది.

మూడోనాడు పొద్దు వాలేటప్పటికి తిమ్మక్క నిలబడిపోయింది.

"ఇంకొకటి ఉండాది. నోరు మూసుకో రంగప్పా. మీ ఇద్దర్లో ఎవర్ని పీకాల్నో తెలీకుండాది."

ఆడోళ్లు నవ్వినారు. శ్రీరంగప్ప టవలు నోట్లో కుక్కుకున్నాడు. దగ్గు ఛాతీలో లేచి, గొంతుదాకా వచ్చి, కండ్లలో నీళ్లయింది. కప్పలు కూడా ఊరుకున్నాయి. అప్పుడు నీళ్ల తూము పక్కన గరగర. రెండు పొడి దగ్గులు. ఆఖరిది.

తిమ్మక్క పోయి పిడికిట పట్టుకుంది. "ఇదే మొదటిది. అన్నీ దీని కడుపునే పుట్టినాయి." పట్టుకోని, లాగకుండా ఆగింది. "పీకాల్నా?"

శ్రీరంగప్ప తలూపినాడు. ఆమెకు కనపడదని గుర్తొచ్చి, టవలు తీసి, నోటితో చెప్పాల్సొచ్చింది.

"పీకు తిమ్మక్కా."

వచ్చేసింది. ఆయన గట్టు మీద కూర్చోని, మడకశిర బస్సు కోసం చూసినట్ల తన దగ్గు కోసం చూసినాడు. రాలేదు. చీకటి పడినా రాలేదు.

కలుపు అయిపోయినాక ఆఖరి పిడికెడు మడిగలాయన భుజం మీదేసి ఆకువక్క అడగడం కూలోళ్ల ఆనవాయితీ. తిమ్మక్క అడగలేదు. ఆ దుబ్బును తడి మట్టితోనే కొంగులో మూట గట్టుకుంది.

"ఇది నాకాడ ఉంటాదిలే" అన్నది.

మరుసటేడు నాట్లేసిన ఇరవయ్యో రోజు, శ్రీరంగప్ప మందులంగడి దిక్కు బయల్దేరినాడు. కొనేదానికి కాదు, ఊరికే చూసొద్దామని; అట్లని తనకు తనే చెప్పుకున్నాడు. తిమ్మక్క వాకిట్లో పగిలిన కుండలో ఊద పచ్చగా ఉంది. కంకి తొంగిచూసినప్పుడల్లా ఆమె తడిమి గోటితో తుంచేస్తుంది. ఆయన చెప్పులు చేత పట్టుకోని, చప్పుడు కాకుండా దాటినాడు.

గరగర. రెండు పొడి దగ్గులు. ఆఖరిది.

"యాడికప్పా, రంగప్పా?" లోపల్నుంచి తిమ్మక్క.

"నీకాడికే తిమ్మక్కా. రేపు మనుషుల్ని పిల్చుకోని వస్తావేమో అడుగుదామని."

"పొద్దున్నే వస్తాం."

కుండలో గడ్డి మళ్లీ దగ్గింది. ఈసారి చానాసేపు, ఊపిరందనట్ల. శ్రీరంగప్ప చెయ్యి తనంతట తనే పోయి ఆయన నోటికి అడ్డం పడింది.