బతికున్నవాడి చొక్కా

బతికున్న మగవాడి చొక్కాను పేలికలుగా చించి జంపఖానాలో నేస్తే, ఆ నేత మగ్గం దిగేలోపే అతడు కన్నుమూస్తాడు. ఈ సంగతి సరస్సు ఒడ్డున ఉన్న నలభై ఇళ్ళకూ తెలుసు. తెలియడమంటే ఎవరో కళ్ళారా చూశారని కాదు, ఎవరూ కాదనలేదని.

అత్తగారు హిల్మా ఆ మాట గుర్తు చేసినప్పుడు సైమి భర్త ఒస్మో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. శనివారం ఆవిరి స్నానం వేళకు అవి సిద్ధంగా ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మొత్తం పదకొండు చొక్కాలు. ఒస్మో తొడిగేవి నాలుగే. తక్కిన ఏడూ పెట్టెలోనే ఉంటాయి. అయినా నెలకోసారి తీసి, విదిలించి, మళ్ళీ ఇస్త్రీ చేసి మడత పెట్టాల్సిందే.

"మగ్గం నేర్చుకుంటానన్నావట. నేర్చుకో అమ్మాయ్, చలికాలం కాళ్ళ కింద వెచ్చగా ఉంటుంది. నా కొడుకు బట్టల జోలికి మాత్రం పోకు."

"చిరిగినవైనానా, అత్తయ్యా?"

"చిరిగితే కుట్టు. చేతులున్నాయిగా."

పాత పాలకేంద్రం మేడ మీది గదిలో ఏడుగురు ఆడవాళ్ళకు కలిపి ఒకటే మగ్గం, ఒకటే పడుగు. సెప్టెంబరులో అందరూ కలిసి ఆ పొడవాటి నిలువు దారాల పడుగు ఎక్కిస్తారు. నెలకొకరు చొప్పున తమ వంతు నేసుకుంటారు. నేసినది నేసినట్టు కింది కర్రకు చుట్టుకుపోతుంది కనుక, తరువాత కూర్చున్నవాళ్ళకు ఖాళీ దారాలే కనిపిస్తాయి. చుట్ట విప్పి ఒకరి నేతను మరొకరు చూడటం, ఒకరి ఉత్తరం మరొకరు చదివినంత తప్పు. వసంతంలో ఒక శనివారం అందరి ఎదుటా కత్తెర పడుతుంది. అప్పుడే అన్నీ బయటికి వస్తాయి.

కొత్తది కనుక సైమిది చివరి వంతు. నేర్పేది కెర్తు. అరవై దాటినా ఆమె పిడికిలి సడలలేదు.

"అంత బిగించకే సైమీ. పేలికను ఏటవాలుగా వదిలి, అప్పుడు మగ్గం పలకతో కొట్టు. బిగిస్తే అంచులు ముడుచుకుపోతాయి."

"ఇంట్లో అలవాటైపోయింది కెర్తక్కా."

"ఏది, బిగించడమా?"

"కాదు, ముడుచుకుపోవడం."

కెర్తు నవ్వలేదు. సైమి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పేలికల బుట్ట ముందుకు జరిపింది.

సైమి వంతు వచ్చిన నెలంతా ఇంట్లో ఒక నిఘా నడిచింది. మేజోళ్ళెక్కడుంటాయో ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తెలుసుకోని ఒస్మో, ప్రతి శనివారం పెట్టె తెరిచి చొక్కాలు లెక్కపెట్టసాగాడు. హిల్మా సైమి సంచీ తిరగేసి గుడ్డముక్కలను వెలుతురులో పట్టి చూసేది. గదిలోని ఆడవాళ్ళు తనను చూసి మాట ఆపేస్తున్నారనీ, వాళ్ళలో ఎవరో అత్తగారికి కబుర్లు మోస్తున్నారనీ సైమికి అనుమానం. అనుమానించడం అలవాటయ్యాక ఆమె ఆ చొక్కా నమ్మకాన్నీ అనుమానించింది. ఎవరింటికి వెళ్ళినా నేల మీది జంపఖానాలకేసి చూసేది. ఏప్రన్లు, దుప్పట్లు, పెళ్ళినాటి లంగాలు; మగవాడి గుడ్డ పేలిక కూడా కనపడలేదు. తన జంపఖానాలో తాను నేస్తున్నదీ అదే కదా: మొదటి కాన్పునాటి రాత్రిగౌను, నాట్యానికి వెళ్ళే రోజుల్లోని నీలం గౌను. "ఈ వయసులో ఎవరికి చూపించడానికి?" అని ఒస్మో అన్న రోజున అది పెట్టె అడుగుకు చేరింది. ఆడవాళ్ళ బట్టలు ఇన్ని బూట్ల కింద నలుగుతున్నా ఒక్క ఆడదానికీ గండం రాలేదేం? ఆ గండం మగవాడి చొక్కానే ఎలా గుర్తుపడుతుంది? ఈ మాటను మొదట పుట్టించినవాడికి ఎన్ని చొక్కాలు ఉండేవో?

కత్తెర పడటానికి రెండు రోజులున్నాయనగా, మూడు జానల నేత మిగిలి ఉండగానే పేలికలు అయిపోయాయి.

"మీ అమ్మ శాలువ ఉందిగా, అది చించు" అంది హిల్మా.

"అత్తయ్యా, అమ్మదంటూ నాకు మిగిలింది అదొక్కటే."

"కప్పుకుని ఎక్కడికి వెళ్తావు? నిన్నెవరు చూస్తారు?" అన్నాడు ఒస్మో, వార్తాపత్రికలోంచి తల ఎత్తకుండానే.

సైమి లేచింది. పెట్టె తెరిచి, అతడు తొడగని ఏడింటిలోంచి బూడిదరంగు గళ్ళ చొక్కా తీసింది. తనకా నమ్మకం లేదని ఆమెకు గట్టి నమ్మకమే. కత్తెర పట్టిన వేళ్ళకు మాత్రం ఆ ధీమా లేదు. మర్నాడు పొద్దున ఒస్మో దగ్గితే చేతిలోని రొట్టె పక్కన పెట్టి విన్నది. అతడు పోతాడనా ఈ భయం, పోతే నింద తన మీద పడుతుందనా? జవాబు తెలిశాక తిరిగి రొట్టె అందుకుంది.

శనివారం ఒస్మో పెట్టె ముందు నిలబడ్డాడు. "పదే ఉన్నాయి."

"అవును, పదే."

హిల్మా ముఖం పాలిపోయింది. "నా కొడుకును పొట్టన పెట్టుకుంటావా? పద, అందరి ముందూ విప్పిస్తాను. ఆ గది గడప మళ్ళీ ఎలా తొక్కుతావో చూస్తా!"

కత్తెర పడింది. చివరగా నేసిందే చుట్టలోంచి ముందు వస్తుంది కనుక, అందరికంటే ముందు సైమి జంపఖానా, అందులో మూడు జానల బూడిదరంగు గళ్ళూ బల్ల మీద పరుచుకున్నాయి.

"చూశారా?" అంది హిల్మా.

"ఇంకా ఉంది, లాగండి" అంది కెర్తు.

రెండోదాని అంచున ఒక మగవాడి ఆదివారపు చొక్కా తెల్లచారలు కనిపించాయి. మూడోదాని నడుమ తపాలా ఉద్యోగి యూనిఫారం నీలం. నాలుగు, అయిదు, ఆరు. ఏ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆఖరున సెప్టెంబరులో నేసిన కెర్తు జంపఖానా వచ్చింది: ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆమె భర్త ఆకుపచ్చ కోటే.

హిల్మా కిటికీ దగ్గరకు వెళ్ళింది. జంపఖానాలు మోసుకుపోవడానికి వచ్చిన ఏడుగురు భర్తలూ కింద కరుగుతున్న మంచులో నిలబడి, కాఫీ ఇంకా రాలేదేమని పైకి కేకలు వేస్తున్నారు.