రాహుకాలంలో ఆగిపోయిన ఇన్‌స్టాలేషన్

నేను ఒక ఫ్రేమ్‌వర్క్‌ని. కంగారు పడకండి, పేరే పెద్దది. వెబ్ పేజీలా రాసిన పనిని తీసుకొని, కంప్యూటర్లో రెండుసార్లు నొక్కగానే తెరుచుకునే ప్రోగ్రాముగా నిలబెట్టే చట్రాన్ని. నన్ను ఫలానా వారు చేశారని చెప్పలేను. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు, దేశానికొకరు, పైసా అడక్కుండా తలో చెయ్యీ వేసి, మధ్యలో బోలెడు పోట్లాడుకొని తయారుచేశారు. నా కడుపులో ఒక రహస్యం ఉంది. బ్రౌజరు! మొత్తం బ్రౌజరే. దాని పేరు తీసేసి, చొక్కా మార్చి తిప్పుతుంటాను.

నరసరావుపేటలో శేషగిరి గారి కంప్యూటర్ సెంటర్‌కి నేను వచ్చింది ఈ రహస్యం పుణ్యమాని. అక్కడ నీలవేణి అనే అమ్మాయి పనిచేస్తోంది. ప్రోగ్రాములు రాయడం నేర్చుకొని వచ్చినా, శేషగిరి గారు ఏళ్ల తరబడి ఆమెచేత శుభలేఖలే టైపు చేయించారు. ఊళ్లో కంటి డాక్టరు గారు తన ఆసుపత్రిలో రోగులను పేరుపెట్టి పిలిచే ఏర్పాటు అడిగితే, నీలవేణి బతిమాలి ఆ పని చేతికి తీసుకుంది. చక్కగా బ్రౌజర్లో నడిచేట్టు రాసింది. డాక్టరు గారు చూసి పెదవి విరిచారు.

"బ్రౌజరూ గీజరూ మాకొద్దమ్మా. నత్తలా నడుస్తుంది. అసలైన ప్రోగ్రాము కావాలి."

అందుకని నన్ను పిలిపించారు. చూశారా మనుషుల తెలివి! శుక్రవారం సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారు వచ్చి చూస్తారు. "అప్పటికి తెరుచుకుందా సరే. లేదంటే నువ్వు మళ్లీ శుభలేఖల దగ్గరికే," అని శేషగిరి గారు తేల్చి చెప్పేశారు.

ఆ శుక్రవారం ఉదయం సెంటర్లో కొత్త కంప్యూటర్‌కి పసుపు రాశారు, కీబోర్డుకి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పంచాంగం చూసి శేషగిరి గారు "ఊఁ" అనగానే నీలవేణి ఎంటర్ నొక్కింది. నన్ను తెచ్చే బాధ్యత ప్యాకేజీ మేనేజర్‌ది. పేరు చూసి మనిషనుకునేరు, అదీ ఒక ప్రోగ్రామే. అడిగినదాన్ని ఇంటర్నెట్‌లోంచి వెతికి తెచ్చి పెడుతుంది. కాకపోతే ఒక్కరిని పిలవమంటే చుట్టపక్కాలందరినీ వెంటేసుకొస్తుంది. ముందు నా పేరుతో ఒక ఫోల్డరు తెరిచింది, చుట్టాలను దింపింది, చివరికి బరువైన నా బ్రౌజరును లాగడం మొదలుపెట్టింది. నెట్టు మహా మందకొడి. నేను సగం దిగానో లేదో, శేషగిరి గారు గోడగడియారం చూసి ఉలిక్కిపడ్డారు.

"రాహుకాలం వచ్చేసింది! ఆపు, ఆపు!"

"మధ్యలో ఆపితే పాడవుద్ది సార్," అంది నీలవేణి.

"వచ్చినంత వరకూ మంచి ఘడియలో వచ్చింది. మిగతాది పన్నెండు దాటాక తెచ్చుకుందాం," అంటూ ఆయన నెట్ వైరు పీకేశారు. నేను నడుం వరకూ వచ్చి ఆగిపోయాను. ఆ ఖాళీలో నీలవేణిని శుభలేఖలు టైపు చెయ్యమన్నారు. జీతం పనికి రాహువు అడ్డం రాడు మరి.

పన్నెండు దాటాక వైరు పెట్టి, ఆమె మళ్లీ ఎంటర్ నొక్కింది. ప్యాకేజీ మేనేజర్ నా ఫోల్డరు పేరు చూసి, అంతా ఉంది, కొత్తగా తేవాల్సిందేమీ లేదని చేతులు దులుపుకుంది. లోపలికి తొంగి చూస్తే కదా! ప్రోగ్రాము తెరవబోతే ఎర్రక్షరాలు వచ్చాయి. సరిగ్గా దిగలేదు, ఆ ఫోల్డరు చెరిపేసి మళ్లీ తెప్పించుకోమని వాటి సారాంశం.

"చెరపడమా! పూజ చేసి తెచ్చినదాన్ని, శుక్రవారం పూట!" శేషగిరి గారు చెవులు మూసుకున్నారు. కంప్యూటర్ ఆపి వేయించారు. ఇంకో అగరొత్తి వెలిగించారు. ఏం లాభం? రెండు దాటింది. నీలవేణికి కళ్లనీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది. నన్ను చెరిపెయ్యవే తల్లీ, సగం బతుకు బతుకుతూ నీ నోటికాడి కూడు తీసేస్తున్నానే అని అరవాలనిపించింది.

ఉన్నట్టుండి ఆమె కళ్లు తుడుచుకుంది. "సార్, వినాయకుడికి పూజ చేశాక ఏం చేస్తాం?"

"ఉద్వాసన చెప్పి నిమజ్జనం చేస్తాం."

"ఇదీ అంతే సార్. చెరపడం కాదు."

శేషగిరి గారు ఆలోచనలో పడ్డారు. శాస్త్రం ఒప్పుకుంది. మౌస్ మీద అక్షింతలు చల్లి, మానిటర్‌ని ఈశాన్యానికి కాస్త జరిపి, "పునరాగమనాయ చ" అన్నారు. నీలవేణి డిలీట్ నొక్కింది. నేను రీసైకిల్ బిన్‌లో పడ్డాను. ఇదంతా చెబుతున్నది అక్కడినుంచే. చెత్తబుట్టే అయినా, తోడుకి ఎవరివో తప్పుల శుభలేఖలున్నాయి.

నా చోటికి నా కవల నిండుగా దిగింది. డాక్టరు గారు నాలుగింటికి వచ్చి రెండుసార్లు నొక్కారు. ప్రోగ్రాము ఠక్కున తెరుచుకుంది. "పేరయ్య గారూ, రెండో గదిలోకి రండి," అని స్పీకర్లోంచి పిలిచింది. డాక్టరు గారు మురిసిపోయారు.

"చూశారా, బ్రౌజర్ కాకపోతే ఎంత చురుగ్గా ఉందో!"

"అంతా ముహూర్తబలమండీ," అన్నారు శేషగిరి గారు. నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరు గారు మాత్రం నీలవేణి వైపు తిరిగారు. "మా ఆసుపత్రి గదులన్నిట్లోనూ నువ్వే పెట్టాలమ్మా. రేపు ఎన్నింటికొస్తావు?"

శేషగిరి గారి చెయ్యి పంచాంగం మీదికి పోయింది.

"తొమ్మిదింటికొస్తానండీ," అంది నీలవేణి.

"రేపు శనివారం! తొమ్మిదికి రాహుకాలం అమ్మాయ్!"

"తెలుసు సార్."

ఆ మాట విన్నాక, ఈ బుట్టని ఇక ఎప్పుడు ఖాళీ చేసినా బాధ లేదనిపించింది.