గండి మీద పొక్లెయిన్

గట్టు ఎక్కకముందే నల్లపొగ కనిపించింది. పొక్లెయిన్ బకెట్‌లో బండరాయి పెట్టుకుని పైకి ఎత్తబోతోంది, ఇంజను మూలుగుతోంది, బకెట్ మాత్రం జానెడు లేచి ఆగిపోతోంది. ముప్పై ఏళ్లుగా కోటబొమ్మాళిలో షెడ్డు నడుపుతున్నవాణ్ణి. ఇంజనుకి గాలి అందడం లేదని దూరం నుంచే చెప్పగలను. చెప్పగలనన్న పొగరు కూడా నాకు బాగానే ఉంది.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వంశధార గట్టుకి తెల్లారే గండి పడింది. ఇరవై అడుగుల వెడల్పున నీళ్లు వరిచేలలోకి దూకుతున్నాయి. పైన గేట్లు ఎత్తారని, ఆ నీరు నాలుగింటికల్లా ఇక్కడికి వస్తుందని కబురు. ఆలోగా గండిలో బండలు పడాలి. పడకపోతే పొట్టమీదున్న రెండొందల ఎకరాల వరి మునిగిపోతుంది. రోడ్డు తెగిపోవడంతో ఇంకో మిషను వచ్చే దారి లేదు. ఉన్నది ఇదొక్కటే. దాన్ని బాగుచేసే మేస్త్రిని నేనే, నడిపేవాడు నా చెల్లెలి కొడుకు ఈశ్వర్.

వెళ్లీ వెళ్లగానే వాడి మీద విరుచుకుపడ్డాను.

"ఏటి సేసావురా మిషన్ని?"

"నానేటీ సెయ్యనేదు మావా."

"ఏటీ సెయ్యకపోతే ఇలగెందుకైపోద్ది? లోడు తెలీదు, ఇంజనెంత ఏడెక్కిందో తెలీదు, సీట్లో కూకుంటే సరిపోద్దనుకున్నావా?"

గట్టు మీద ఊరంతా ఉంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మావా, పూజైన మర్నాటి నుంచీ బండి..." అని ఏదో మొదలుపెట్టాడు.

"నోర్ముయ్! కిందకి దిగి రెంచీలు అందుకో."

మూడు రోజుల కిందట విశ్వకర్మ పూజ చేశాం. ఒడిశా దగ్గర కదా, మా వైపు షెడ్లన్నీ ఆ రోజు పెళ్లివారిల్లులా ఉంటాయి. జాకీ దగ్గర్నుంచి వెల్డింగ్ మిషను దాకా ప్రతి పనిముట్టునీ కడిగి, బొట్టు పెట్టి, పసుపుకొమ్ము కడతాను. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వను.

ముందు గాలి ఫిల్టరు విప్పాను. శుభ్రంగా ఉంది. టర్బో నుంచి ఇంజనులోకి గాలి మోసే గొట్టాలు తడిమాను. చిల్లు లేదు, క్లాంపులు బిగుతుగానే ఉన్నాయి. డీజిల్ ఫిల్టరు మార్చాను. స్టార్ట్ చేస్తే మళ్లీ అదే మూలుగు. అలా యాభై నిమిషాలు తగలేశాను. ఈలోగా గండి అంచు నుంచి ఒక పెళ్ల విరిగి నీళ్లలో పడింది. పొక్లెయిన్ ఇనప పట్టా ముందు అంచుకీ నీళ్లకీ మధ్య ఆరడుగులు కూడా మిగల్లేదు.

కూర్మమ్మ గట్టు మీద చతికిలబడి ఉంది. ముసలావిడ, నాకు అప్ప, అంటే అక్క వరస. ఆవిడ అరెకరం గండికి ఎదురుగానే ఉంది. "ఎల్లాజీ, నా సేను సగం పోనాదిరా. ఇంకెంతసేపు?" అంది.

అప్పుడు వచ్చింది అనిత. ఈ మిషను సొంతదారైన గుత్తేదారు దగ్గర ఇంజినీరు, విజయనగరం పిల్ల. బండి ఎక్కడో వదిలేసి మోకాళ్లలోతు బురదలో నడిచి వచ్చింది, సంచిలో ల్యాప్‌టాప్ ఉంది. ల్యాప్‌టాప్ పెట్టుకుని రోగం చెప్పేవాళ్లంటే నాకు మంట. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నా వైపు చూడకుండా వైరు తగిలించి తెర వంక చూసింది.

"మేస్త్రి గారూ, టర్బో లోపలి రెక్కల్ని కదిపే లీవరు ఉంది కదా. కంప్యూటరు దాన్ని నూటికి తొంభై వరకు రమ్మంటోంది, అది నలభై దగ్గరే ఆగిపోతోంది. అందుకే ఇంజను తనంతట తాను పవరు తగ్గించేసుకుంటోంది."

"అయితే లీవరు తిప్పే మోటారు పోయింటాది."

"పోలేదండీ. తోస్తూనే ఉంది, కరెంటు బాగా లాగుతోంది. ఏదో అడ్డుంది."

"మసి పట్టేసుంటాది. టర్బో ఇప్పాలి." ఆ మాట అంటుంటే నా గొంతే నాకు పీలగా వినిపించింది. టర్బో విప్పి కడగడమంటే ఆరేడు గంటల పని. రెండున్నర దాటిపోయింది.

"విప్పే ముందు ఒక్కసారి వినండి. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేయిస్తాను. లీవరు ఆ చివరి నుంచి ఈ చివరికి తనే ఒకసారి తిరిగి చూసుకుంటుంది. ఈ చప్పుడు మీకు తెలిసినంత నాకు తెలీదు."

ఇంజను తలుపు తెరిచి చెవి ఆనించాను. ఈశ్వర్ క్యాబిన్‌లోకి ఎక్కాడు. కాళ్ల కింద గట్టు నానిపోయి వణుకుతోంది. కీ తిప్పాడు. జుయ్‌మని మొదలై, సగంలో టక్‌మని ఆగింది.

"ఇంకోసారి."

జుయ్. టక్.

మసి పట్టిన లీవరు అలా ఆగదు, బరువుగా ఈడ్చుకుంటూ పోతుంది. ఇది గట్టి వస్తువుకి తగిలి ఆగుతోంది. గట్టు మీదికి రాగానే వినాల్సిన చప్పుడు ఇది. తిట్టే పనిలో ఉండి వినలేదు.

కీ ఆపించి, వేడి తగలకుండా బిగించిన రేకు వెనక్కి చెయ్యి దూర్చాను. టర్బో ఇంకా కాలుతోంది. మోచేయి దగ్గర చర్మం అంటుకుపోయింది, అయినా చెయ్యి తియ్యలేదు. వేళ్లకి ముందు సన్నటి తీగ తగిలింది. దాని చివర, లీవరుకీ అది చివర ఆనే బోల్టుకీ మధ్య, రాయిలాంటి ముక్క ఇరుక్కుని ఉంది.

చూడక్కర్లేకుండానే తెలిసింది. అది పసుపుకొమ్ము. ఇంజనుకి ఊపిరి పోసేది టర్బోయే కదా అని పూజనాడు షెడ్డులో ఉన్న ఈ మిషనులో దానికీ కట్టాను. దారమైతే వేడికి కాలిపోతుందని తెలివిగా బైండింగ్ తీగతో బిగించాను. అదురుకి జారి జారి లీవరు సందులో పడింది.

ముక్కు కటింగ్ ప్లేయరుతో తీగ తెంపాను. కొమ్ము ఊడి చేతిలో పడింది. ఎవరూ చూడలేదు. జేబులో వేసుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం కాదు, దొరికిపోతానేమోనన్న భయం. సిగ్గుగా ఉన్నా, జరిగింది అదే.

"కీ ఆన్ సెయ్‌రా."

జుయ్‌య్‌య్‌... చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చింది.

"తొంభై!" అని అరిచింది అనిత.

ఇంజను లేచింది. ఈశ్వర్ మొదటి బండ ఎత్తి గండిలో వేసినప్పుడు ఊరంతా కేక పెట్టింది. రెండోది, మూడోది. పట్టా కింద మన్ను జారుతుంటే వాడు మిషన్ని అడుగడుగునా వెనక్కి తీసుకుంటూ, చెయ్యి ఆపకుండా గంట పైగా బండలు పేర్చాడు. లోడు తెలీదని నేను తిట్టినవాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుండగా గండి మూసుకుంది. పైనుంచి వచ్చిన ఎర్రనీళ్లు బండల్ని ఒరుసుకుంటూ కిందికి పోయాయి.

జనం నా చుట్టూ మూగారు. ఎల్లాజీ చెయ్యి పడితే అంతే అని ఒకడంటే, చెవి పెట్టి రోగం చెప్పేశాడని ఇంకొకడు. అనిత ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుంటోంది, ఆమెనెవరూ పలకరించలేదు. కూర్మమ్మ ఒక్కతే లేవకుండా నీళ్లలో ఉన్న తన అరెకరాన్ని చూస్తోంది. యాభై నిమిషాలు ముందు మూసి ఉంటే అందులో కొంతైనా దక్కేది.

వెళ్లి ఆవిడ ముందు కూర్చుని, జేబులోంచి కొమ్ము తీసి అరచేతిలో పెట్టి చూపించాను.

"అప్పా, మిషను ఆగింది దీనివల్ల. ఇది కట్టింది నాను. ఈశ్వర్‌ది తప్పు నేదు."

కూర్మమ్మ కొమ్మునీ నన్నూ చూసింది. "సేను పోనాది కదరా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈశ్వర్ క్యాబిన్ దిగి వచ్చాడు. వాడి మొహంలో ఆశ్చర్యం లేదు.

"నువ్వు కట్టినప్పుడు నానక్కడే ఉన్నాను మావా. మర్నాటి నుంచీ బండి మందంగా లాగుతున్నాది. దానివల్లే కావచ్చని నాకనిపించినాది. నీకు సెప్దామని రెండుసార్లు ఫోన్ తీసాను."

"మరెందుకు సెయ్యనేదు?"

"తిడతావని."

ఇందాక కూడా వాడు చెప్పబోతే నోరు మూయించింది నేనే.

"ఇప్పుడు సెప్పు," అన్నాను. "ఇంకేటేటి సెప్పనేదో అన్నీ సెప్పు. ఇంటాను."

వాడు నా మోచేయి పట్టుకుని తిప్పి చూశాడు. "బాగా కాలిపోనాది మావా. ముందు దీనికేటైనా రాయించుకో," అన్నాడు.