సరంగు గారి తమ్ముడు

రక్తపు బొట్టు ఒకటి అందిస్తే, ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పే చిన్న యంత్రాన్ని నేను. షుగర్ మిషను అంటారు. నన్ను చేసింది మనుషుల వేళ్ల కోసం. నా బతుకు మాత్రం ఒక కుక్క చెవి దగ్గర గడిచింది.

నన్ను తయారు చేసిన చోట మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని పనిచేసేవారు. మొదట నాకు రుచి చూపించింది రక్తం కాదు, పరీక్ష కోసం కలిపిన తీపి నీళ్లు. అంకె సరిగ్గా చూపించానని పెట్టెలో పెట్టి పంపేశారు. రాజమండ్రిలో ఒక మందుల కొట్టు అద్దాల బీరువాలో కూర్చుని, వచ్చేపోయే జనాన్ని చాన్నాళ్లు చూశాను.

నన్ను కొన్నది నూకరాజు. గోదావరి మీద లాంచి నడిపి, వయసు మీద పడ్డాక దిగిపోయిన సరంగు. ఎవరికని కొట్టువాడు అడిగితే, కుక్కకని చెప్పడానికి మొహమాటపడి "మా తమ్ముడికండి" అన్నాడు. తమ్ముణ్ని అన్నం తగ్గించమని, పొద్దున్నే నడవమని కొట్టువాడు బోలెడు సలహాలిచ్చాడు. నూకరాజు బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా తమ్ముడి క్షేమం చెప్పక తప్పేది కాదు. ఒక చిన్న అబద్ధాన్ని మనుషులు ఎంత శ్రద్ధగా సాకుతారో అప్పుడే చూశాను.

ఆ తమ్ముడి పేరు లంగరు. వరదలో కొట్టుకొస్తున్న తాటాకు కప్పు మీద వణుకుతూ కనిపిస్తే, నూకరాజు లాంచిలోకి లాగిన కుక్కపిల్ల. చుక్కాని పక్కనే పెరిగి పెద్దవాడయ్యాడు. ముసలితనంలో గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం, ఇల్లంతా తడపడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలైంది. పశువుల డాక్టరు జరీనా చూసి షుగరని తేల్చింది. రెండు పూటలా తిండి పెట్టాక ఇన్సులిన్ పొడవాలని, చెవి అంచున సూదితో గుచ్చి బొట్టు తీసి చూసుకోవాలని నేర్పింది.

మొదటి రోజు నూకరాజు చేతులు సూదిని చెవిదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాయి. నడి వరదలో లాంచిని ఒడ్డుకి చేర్చిన చేతులు. భార్య మంగతాయారు లంగరు తలని ఒళ్లో పెట్టుకుని, సూది దిగుతుంటే తను కళ్లు మూసుకుంది. లంగరు మాత్రం కిమ్మనలేదు. కొన్నాళ్లకి నా సంచీ జిప్పు చప్పుడైతే చాలు, వాడే వచ్చి నూకరాజు మోకాలికి చెవి ఆనించేవాడు. కళ్లు తెల్లబడి చూపు పోయాక కూడా గోడ పక్కనుంచి తడుముకుంటూ వచ్చేవాడు. ఆ చెవి మీద ఎన్ని చుక్కల మచ్చలో.

రెండో ఏడు వేసవిలో వాడు తిండి మానేశాడు. తినకపోతే ఇన్సులిన్ ఇవ్వకూడదు, ఇవ్వకపోతే చక్కెర ఆకాశానికి పోతుంది. ఒక పూట నాలుగు ముద్దలు తిన్నాడని సంబరపడి సూది వేస్తే, అదీ కక్కేసుకుని, చక్కెర పడిపోయి మూర్ఛతో కొట్టుకున్నాడు. చిగుళ్లకి తేనె రాస్తూ మంగతాయారు ఏడ్చింది. జరీనా రక్తం పరీక్ష చేయించి, మూత్రపిండాలు పాడయ్యాయంది. సెలైన్లు పెడితే కొన్నాళ్లు లాగవచ్చు, లేదా నొప్పి తెలియకుండా పంపించవచ్చు, ఆలోచించుకోమంది. మీ కుక్కయితే ఏం చేస్తారని మంగతాయారు అడిగితే, పంపించేస్తానని చెప్పింది.

ఇంటికొచ్చాక ఆలుమగలు సరిగ్గా మాట్లాడుకోలేదు. మంగతాయారు ఎప్పుడో మనసులో నిశ్చయం చేసుకుంది. రాత్రనక పగలనక వాడి కింద గుడ్డలు మార్చేది ఆవిడే, పైకి లేవలేక వాడు మూలిగే మూలుగు వినేదీ ఆవిడే. నూకరాజు మాత్రం వాణ్ని సెలైన్లకే తిప్పాడు. చివరికి ఒకనాడు ఆవిడే కదిపింది.

"రోజూ ఆణ్ని ఆటోలో ఏసుకెళ్లి పొడిపించుకొస్తన్నాం. ఆడి కోసవా ఇదంతా, మన కోసవా?"

నూకరాజు తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేను సూది పొడిస్తే మంచికేనని నమ్మేడు తాయారూ. ఆ నమ్మకం మీద సంపమంటావా?"

ఆవిడ లేచి లంగరు కింద గుడ్డ మార్చింది. రక్తంలో చక్కెర చెప్పడం ఒక్కటే వచ్చు నాకు. ఆ రోజుల్లో నూకరాజు మాటిమాటికీ నన్ను తీసి అంకె చూసేవాడు. అది తగ్గితే మొహం వెలిగేది. పక్కనే లంగరు డొక్కలు ఎగరేస్తూ పడుండేవాడు.

ఒక పొద్దున నూకరాజు సంచీ తెరిచి వాడి పక్కన చతికిలబడ్డాడు. జిప్పు చప్పుడు విని లంగరు తల తిప్పేసుకున్నాడు. నూకరాజు చెయ్యి చాచాడు. వాడు గుర్రుమనలేదు, కరవబోలేదు. ముందుకాళ్లతో నేల మీద ఈడ్చుకుంటూ, ఉన్న బలమంతా కూడగట్టుకుని, మంచం కిందికి జరిగిపోయాడు. చెవిని గోడకి అదిమిపెట్టుకున్నాడు.

నూకరాజు నా సంచీ మూసేశాడు. మంచం పక్కన నేల మీదే పడుకుని, కిందికి చెయ్యి పోనిచ్చి వాడి వీపు మీద పెట్టాడు. అలా ఎంతసేపున్నాడో. వంటింట్లోంచి వచ్చిన భార్యతో, డాక్టరమ్మని ఇంటికే రమ్మని ఫోను చెయ్యమన్నాడు.

జరీనా సాయంత్రం వచ్చింది. ముందు మత్తుసూది వేసింది. ఒళ్లు వదులైన లంగరు తలని నూకరాజే ఒళ్లోకి తీసుకున్నాడు. లాంచి రేవుకి చేరేటప్పుడు అరిచే కేకే, గొంతు బాగా తగ్గించి, వాడి చెవిలో అన్నాడు. రెండో సూది అయ్యాక జరీనా గుండె మీద గొట్టం ఆనించి తలూపింది. మనం తొందరపడ్డామా అని అతను అడిగాడు. లేదండి, వాడు అలిసిపోయాడు అందామె.

తర్వాత నన్ను బీరువాలో పెట్టారు. ఒకరోజు నూకరాజు నన్ను జరీనా ఆస్పత్రికి తీసుకెళ్లాడు, ఇంకో ప్రాణికి పనికొస్తానని. అక్కడ బల్ల మీద ముసలి పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. దానికీ షుగరే. నన్ను ఆవిడకే ఇమ్మంది జరీనా. ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది.

"ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదమ్మా. మాకూ ఇప్పటికీ తెలీదు" అన్నాడు నూకరాజు.

వెళ్లిపోతాడనుకున్నాను. ఆవిడ పక్కన చోటు చూసుకుని, కండువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లి పేరేమిటని అడిగాడు.