పియానో పడ్డప్పుడు జోలపాట

పిల్లి మెట్లెక్కితే నా స్వరాలు ఎక్కాలి, దిగితే దిగాలి. అది జారిపడితే ట్రాంబోన్ బూర కూడా జారాలి. హాలీవుడ్‌లో బొమ్మల సినిమాలకు ఏళ్ళ తరబడి నేను చేస్తున్న సంగీతం ఇదే. ఒక్క పాటనైనా జనం చివరిదాకా విన్న పాపాన పోలేదు.

నాకు పియానో నేర్పిన మినర్వా పిన్ని ప్రతి ఆదివారం కోడి వేపుడు వడ్డిస్తూ ఎత్తిపొడిచేది.

"ఏరా ఎల్విన్, ఇంకా పిల్లి వెనకాలే పరిగెడుతున్నావా? ఒక్క పాట మొదలెట్టి ముగించరా బాబూ, నేను పోయేలోపు వింటాను."

ఈసారి వినిపించి తీరాలనుకున్నాను. కొత్త బొమ్మ కథలో పాపాయి నిద్రపోతుంటుంది. కిటికీ బయట, మేడ మీదికి లాగుతున్న పియానో తాడు తెగి పిల్లి నెత్తిన పడుతుంది. పాపాయి కోసం జోలపాట రాశాను. మంచి పాట, నాకు తెలుసు. నా ఖర్మకొద్దీ చప్పుళ్ళు కలిపే డెల్బర్ట్ ఒకడున్నాడు. నిజంగానే ఒక పాత పియానోను మేడ మీంచి పడేయించి, ఆ మోత రికార్డు చేసి తెచ్చాడు.

"ఆ మోత వద్దు, నీకు దణ్ణం పెడతా," అన్నాను.

"పియానో పడితే మోత రాదా? మీ ఇంట్లో పియానోలు దూదితో చేస్తారా?" అన్నాడు.

పంచాయితీ దర్శకుడు హాడ్లీ గారి దగ్గరికి వెళ్ళింది. "పాప లేవకూడదు కదండీ, మోతెందుకు?" అని ఆయన ప్రాణం తోడేశాను. చివరికి విసుగెత్తి, "సరే, పాటొక్కటే ఉంచుదాం. జనం నవ్వకపోతే మాత్రం మోత కలిపేస్తా," అన్నారు.

విడుదలకు ముందు బొమ్మను జనానికి వేసి చూసే రోజున పిన్నిని గ్లెండేల్ థియేటరుకు తీసుకెళ్ళాను. కొత్త టోపీ పెట్టుకొచ్చింది.

వయొలిన్లు మెల్లగా ఎత్తుకున్నాయి. తాడు తెగింది. పియానో పిల్లి నెత్తిన చప్పుడు లేకుండా పడింది.

హాలంతా గొల్లున నవ్వింది. చదునైపోయిన పిల్లి పాకుతుంటే మళ్ళీ నవ్వారు. రాసిన నాకే ఒక్క స్వరం వినపడలేదు. డెల్బర్ట్ మోతైతే క్షణంలో ఆగేది. ఈ నవ్వు బొమ్మ అయిపోయేదాకా ఆగలేదు.

వెనక వరసలోంచి డెల్బర్ట్ నా భుజం తట్టాడు. "చూశావా? చప్పుడు ఎక్కడ తీసెయ్యాలో నాకు తెలుసు." హాడ్లీ గారు వాడి చెయ్యే పట్టుకుని ఊపారు. "ఇకమీదట అన్నిట్లో ఇలాగే చెయ్యవయ్యా," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పిన్ని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. టోపీ పక్కకి ఒరిగింది.

"భలే ఉందిరా," అంది. "ఇంతకీ నీ పాట ఎప్పుడొస్తుంది?"

"వచ్చి వెళ్ళిపోయింది పిన్నీ," అన్నాను.